పట్టు స్కార్ఫ్: ఫ్రేము కట్టించాలా, మెడకి చుట్టుకోవాలా?

చుక్కలకొంగు:
అందరికీ నమస్కారం. వాడిన బట్టలు అమ్మేచోట ఒక హెర్మెస్ (ఖరీదైన ఫ్రెంచి కంపెనీ) స్కార్ఫ్ దొరికింది. 90 సెంటీమీటర్ల చదరం, ట్విల్ (ఏటవాలు గీతల నేత) పట్టు, 'బ్రీడ్ ద గాలా' అనే బొమ్మ. గుర్రాల కళ్ళేలు రెండు ఎదురెదురుగా ఉంటాయే, అది. మంచం మీద పరిచి చూస్తే కళ్ళు తిప్పుకోలేకపోయాను. మెడకి చుట్టుకుంటే మాత్రం ఒక్క బకిల్ కనబడి ఊరుకుంది! ఫ్రేము కట్టిస్తే నయమా? ఇంకో అనుమానం. ఇదే బొమ్మ ఆన్‌లైన్లో వేరే రంగుల్లో కనిపించింది. నాది నకిలీదా? ఓ మూల చిన్న మరక కూడా ఉంది.

గోడకెక్కిన గుడ్డ:
ఫ్రేమే. ఒక్కసారి కాఫీ ఒలికితే అయిపోయినట్టే.

పాతపెట్టె:
ఫ్రేము ముచ్చట నేనూ తీర్చుకున్నానండీ. కిటికీకి ఎదురుగోడన పెట్టాను. రెండేళ్ళ తర్వాత విప్పి చూస్తే ఎరుపంతా వెలిసి ఇటుక రంగైంది. చెక్క కప్పిన అర అంగుళం మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. నేను కొనని అంచు ఒకటి నా స్కార్ఫుకి వచ్చిందన్నమాట. కట్టించాలనే ఉంటే ఎండ పడని గోడ చూసుకోండి, వెనక జిగురు మాత్రం రాయనివ్వకండి.

రంగులు వేరైనంత మాత్రాన నకిలీ కాదు. స్క్రీన్ ప్రింటింగులో రంగుకో స్క్రీన్ ఉంటుంది. ఆ స్క్రీన్లతోనే రంగులు మార్చి ఒకే బొమ్మని చాలా రకాలుగా అద్దుతారు. నా దగ్గర ఒకే బొమ్మ రెండు రంగుల్లో ఉంది. ముదురు నీలం దాంట్లో ముందు కనబడే తాడు, లేత పసుపు దాంట్లో వెతికితేగానీ దొరకదు.

మీరు చూడాల్సింది అంచు. హెర్మెస్ వాళ్ళ అంచు చేత్తో చుట్టి కుట్టింది, బొమ్మ ఉన్న వైపుకే తిరిగి బొద్దుగా ఉంటుంది. వేలితో తడిమితే తెలిసిపోతుంది. మిషను కుట్టు చదునుగా పడుకుంటుంది. అయితే ఇస్త్రీ చేస్తే అసలైన అంచు కూడా అణిగిపోతుంది. ఆ పాపం చేసింది నేనే! ఇప్పుడు ఇస్త్రీపెట్టెని అంచుకి రెండు వేళ్ళ ఇవతలే ఆపేస్తాను.

మీ బొమ్మ హ్యూగో గ్రిగ్కార్ 1957లో గీసింది. తర్వాత మళ్ళీ మళ్ళీ వేశారు కాబట్టి బొమ్మ ఏడాదిని బట్టి స్కార్ఫు వయసు కట్టకండి. ఆ కంపెనీ 1837లో గుర్రపు సామాన్లతో మొదలైంది, స్కార్ఫులు 1937లో గానీ రాలేదు. కళ్ళేల మీద అంత మమకారం అందుకే.

ఒక్క బకిల్ కనబడిందని బాధెందుకు? మూల మీదుగా త్రికోణంగా మడిచి, ఒక్కో రోజు ఒక్కో మూల పైకి తీసుకురండి. ఒక గుడ్డలో నాలుగు స్కార్ఫులు.

ఇంత చెప్పి, నేను కట్టుకోనిది ఒకటుంది. అది కెర్మిట్ ఆలివర్ గీసింది. ఆయన టెక్సాస్‌లోని వేకో పోస్టాఫీసులో రాత్రిళ్ళు ఉత్తరాలు వేరుచేస్తూనే, 1980ల నుంచి హెర్మెస్‌కి బొమ్మలు గీశాడు. దాన్ని నేలమీద పరిచి భూతద్దంతో చూస్తూ కూర్చుంటే ఒక పూట గడిచిపోతుంది.

మరక సంగతి: ఇంట్లో ఉతక్కండి. తడిపిన తెల్లగుడ్డని ఓ మూల నిమిషం నొక్కి చూడండి. రంగు అంటిందా, పట్టు తెలిసిన డ్రైక్లీనింగువాళ్ళకే ఇవ్వాలి.

అక్షింతల పురుగు:
హెర్మెస్ దగ్గరే ఆగిపోకండి. లండన్లో జీకా ఆషర్ అనే బట్టల తయారీదారు 1940ల్లో మతీస్, హెన్రీ మూర్ లాంటి పేరున్న కళాకారుల చేత స్కార్ఫులకి బొమ్మలు గీయించాడు. అమెరికా డిజైనర్ వీరా న్యూమన్ స్కార్ఫులూ వెతకండి. చాలా వాటిలో సంతకం పక్కన నా పేరుగల పురుగే ఉంటుంది!

చుక్కలకొంగు:
పాతపెట్టె గారూ, తెల్లగుడ్డకి ఎరుపు అంటింది, కాబట్టి డ్రైక్లీనింగే. అంచు బొమ్మవైపుకే ఉంది. మూడు పక్కలు బొద్దుగా ఉన్నాయి, నాలుగోది అప్పడంలా అణిగిపోయింది. నాకంటే ముందు ఎవరో ఇస్త్రీ మొదలుపెట్టి, అక్కడితో నాలిక్కరుచుకున్నట్టున్నారు.