ట్రేడ్ డెఫిసిట్ పెరిగిందంటే గోల్డ్ షార్ట్ కొట్టొచ్చా?

కొత్త ట్రేడర్: అన్నలూ ఒక డౌట్. షేర్లలో రెండేళ్ల నుంచి ఉన్నా, కమోడిటీ (బంగారం, క్రూడ్, పసుపు లాంటి సరుకులు) మాత్రం ఇదే మొదలు. ట్రేడ్ డెఫిసిట్ (ఎగుమతుల కంటే దిగుమతులు ఎక్కువైతే వచ్చే లోటు) పెరిగిందని న్యూస్ రాగానే ఎంసీఎక్స్‌లో (సరుకుల ఎక్స్ఛేంజ్) గోల్డ్ మినీ కాంట్రాక్టు ఒక లాట్ షార్ట్ కొడితే, అంటే ముందు అమ్మి రేటు దిగాక కొంటే, ఎట్లా ఉంటుంది? దేశం డబ్బులు బయటికి పోతున్నాయంటే కొనేవాళ్లు తగ్గుతారు, రేటు దిగుద్ది అని నా లెక్క. తప్పయితే తిట్టినా పర్లేదు.

బెజవాడ బాబాయ్: తిట్టనులే గానీ లెక్క తిరగబడింది తమ్ముడూ. మన బంగారం రేటంటే ఏంటి, బయట డాలర్లలో ఉన్న రేటుని రూపాయిల్లోకి మార్చి పైన కస్టమ్స్ డ్యూటీ కలుపుకోవడమే కదా. లోటు పెరిగితే దిగుమతులకి డాలర్లు ఎక్కువ కావాలి, రూపాయి పడుద్ది, అక్కడ డాలర్ రేటు కదలకపోయినా ఇక్కడ ఎంసీఎక్స్‌లో రేటు పైకే పోద్ది. పది గ్రాములు 76,000 ఉందనుకో, డాలర్ 84 నుంచి 85 అయితే చాలు, సుమారు 900 పెరుగుద్ది. గోల్డ్ మినీ లాట్ 100 గ్రాములు, అంటే షార్ట్‌లో ఉన్న నీకు 9,000 బొక్క, బయట మార్కెట్లో ఏమీ జరక్కుండానే.

ఇంకోటి, ఆ లోటు అంకెల్ని మరీ నమ్మొద్దు. 2024 నవంబర్ నెలకి బంగారం దిగుమతులు 1,480 కోట్ల డాలర్లు దాటాయని డిసెంబర్‌లో చెప్తే అందరూ బెదిరిపోయారు, తీరా జనవరిలో అది 984 కోట్లే అని సవరించారు. ఐదొందల కోట్ల డాలర్లు గాల్లో కలిసిపోయాయి. మొదటి అంకె చూసి పొజిషన్ తీసుకున్నోడి సంగతి ఆలోచించు.

కొత్త ట్రేడర్: అమ్మో. అయితే బంగారంలో షార్ట్ పనికే రాదా?

బెజవాడ బాబాయ్: అట్లా ఏం లేదు. 2024 జులై 23 బడ్జెట్లో డ్యూటీ 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు, ఆ రోజు షార్ట్‌లో ఉన్నోళ్లకి పండగ. కానీ ముందు రోజు ఎవడికి తెలుసు?

ఆర్మూర్ పసుపు రైతు: నాదొక ముచ్చట అడుగుత అన్నా. నేను ట్రేడింగ్ చెయ్య, ఇంట్ల 50 క్వింటాళ్ల పసుపు ఉంది, ధర పడ్తదని భయమైతుంది. ఎన్‌సీడెక్స్‌ల (పంటల ఎక్స్ఛేంజ్) ఒక లాట్ అమ్మి పెట్టుకుంటే మంచిదేనా?

బెజవాడ బాబాయ్: మీరు అడిగేది జూదం కాదండీ, హెడ్జింగ్, అంటే ధర పడితే నష్టపోకుండా ముందే కాపాడుకోవడం. ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే రేటు కట్టుకునే కాంట్రాక్టులు) పెట్టిందే దీనికి. లాట్ 5 టన్నులు, మీ సరుకుకి సరిగ్గా సరిపోద్ది. చిక్కల్లా మార్జిన్‌తోనే, అంటే బ్రోకర్ దగ్గర పెట్టాల్సిన క్యాష్‌తోనే. 2023 వేసవిలో ఏడెనిమిది వేలున్న పసుపు ఆగస్టుకల్లా పదిహేను వేలు దాటింది గుర్తుందా, అప్పుడు షార్ట్‌లో ఉంటే క్వింటాకి ఏడు వేల చొప్పున 50 క్వింటాళ్లకి మూడున్నర లక్షలు, ఏ రోజు నష్టం ఆ రోజే క్యాష్‌గా కట్టాలి. ఇంట్లో పసుపు విలువ కూడా అంతే పెరిగుంటది గానీ బ్రోకర్ బస్తాలు తీసుకోడుగా. చేతిలో క్యాష్ లేకపోతే పొజిషన్ వాళ్లే కోసేస్తారు, తర్వాత ధర పడితే రెండు విధాలా నష్టం. డెలివరీ ఇవ్వాలన్నా ఎక్స్ఛేంజ్ గోడౌన్‌కి తోలి నాణ్యత పరీక్ష పాస్ చేయించాలి. కాబట్టి మొత్తం కాకుండా... కానీ లాట్ అంతకంటే చిన్నది లేదు, అదే ఇబ్బంది.

ఆర్మూర్ పసుపు రైతు: గంత క్యాష్ ఏడికెళ్లి తేవాలె. సగం ఇప్పుడే మార్కెట్ యార్డుల అమ్ముత.

బెజవాడ బాబాయ్: నేనైనా అదే చేస్తానండీ.

కొత్త ట్రేడర్: పోనీ షార్ట్ వద్దు, కొని పెట్టుకుంటే? పడినా సున్నా దాకేగా.

వైజాగ్ ఆయిల్: బ్రో, 2020 ఏప్రిల్ 20. లాక్‌డౌన్ వల్ల మన ఎంసీఎక్స్ సాయంత్రం 5కే మూసేశారు, క్రూడ్ (ముడి చమురు) బ్యారెల్ 965 రూపాయల దగ్గర ఆగింది. రాత్రి అమెరికాలో మైనస్ 37 డాలర్లకి పోయింది. మనోళ్లకి సెటిల్‌మెంట్ రేటు (చివరికి లెక్క తేల్చిన రేటు) ఎంతో తెలుసా, మైనస్ 2,884. లాట్ 100 బ్యారెల్స్, 965కి కొన్నోడు ఒక్కో లాట్‌కి మూడు లక్షల ఎనభై వేల పైనే కట్టాడు. సున్నా దగ్గర గోడేమీ ఉండదు.

కొత్త ట్రేడర్: దండం అన్నా. గోల్డ్ పెటల్ కాంట్రాక్టు లాట్ ఒక గ్రాముదే కదా, దాంతో ఓ మూడు నెలలు నేర్చుకుంటా.

బెజవాడ బాబాయ్: నేర్చుకో, కానీ ఎక్స్‌పైరీ (కాంట్రాక్టు గడువు ముగిసే) వారం దాకా ఉంచకు, అది డెలివరీ కాంట్రాక్టు. షార్ట్‌లో ఉండిపోతే గ్రాము బంగారం ఇమ్మంటారు, ఇంట్లో వాళ్ల ముక్కుపుడక ఇస్తానంటే తీసుకోరు.