గర్భసంచి ఆపరేషన్ తర్వాత మూత్రం ఆగడం లేదు: మీ అనుభవాలు చెప్పండి

మల్లెతీగ: నాకు 43 ఏళ్లు. గడ్డలున్నాయని పొట్ట కోసి గర్భసంచి తీశారు, అండాశయాలు ఉంచారు. ఏడు నెలలైంది. దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోంది. కింద నుంచి తీయించుకున్నవారికీ, చిన్న రంధ్రాలతో చేసే ల్యాప్రోస్కోపీ అయినవారికీ ఇలాగే ఉందా? సంచి కింది భాగం, అంటే మెడ, తీయకుండా ఉంచితే ఈ బాధ ఉండదంటారు, నిజమేనా?

పాలకంకి: నాది కింద నుంచి. సంచి జారిందని 52వ ఏట తీశారు. రెండేళ్లకు మళ్లీ ఏదో దిగినట్టనిపించింది. ‘సంచే లేదు, జారడానికి ఏముంది’ అని ఇంట్లో కొట్టిపారేశారు. తీరా చూస్తే యోని పైభాగమే కిందికి జారింది. మళ్లీ ఆపరేషన్ చేసి, దాన్ని లోపలి లిగమెంటుకు, అంటే గట్టి పట్టీకి, కుట్టి నిలబెట్టారు. ఇలా జరగవచ్చని మొదట ఒక్కరైనా చెప్పి ఉంటే!

చందమామ: మల్లెతీగ గారూ, మూత్రం పోస్తూ మధ్యలో ఆపండి. రోజూ, ప్రతిసారీ. నాకు అలాగే తగ్గింది.

ఫిజియో19: దయచేసి అలా చేయకండి. పంతొమ్మిదేళ్లుగా మూత్రాన్ని ఆపే కింది కండరాల వ్యాయామాలే నేర్పిస్తున్నాను. ఏ కండరమో తెలుసుకోవడానికి ఒకసారి ఆపి చూడవచ్చు, అంతే. రోజూ ఆపితే మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాదు.

చందమామ: మీరు చదివి చెబుతున్నారు, నేను అనుభవించి చెబుతున్నాను. నాకేమీ కాలేదు.

పాలకంకి: మా కోడలికీ ఎవరో ఇదే చెప్పారు. చలిజ్వరం, మూత్రంలో చీముతో ఆసుపత్రిలో చేరింది. మీకు కాలేదని అందరికీ చెప్పకండమ్మా.

చందమామ: దానికి కారణం ఇదేనని ఎవరు తేల్చారు? సాయం చేద్దామని వస్తే నన్ను దోషిని చేస్తున్నారు.

ఫిజియో19: దోషి అనలేదు. పద్ధతి తప్పన్నాను. అపానవాయువును ఆపుతున్నట్టు లోపలికి లాగి పట్టి, వదలాలి. ఊపిరి బిగపట్టకూడదు, తొడలు, పిరుదులు బిగించకూడదు. ఎనిమిది నుంచి పది సార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. దగ్గు వస్తోందనగానే ముందే బిగించాలి. ఇక మెడ సంగతి: ఉంచితే మూత్రం బాగా ఆగుతుందని, మెడ ఉంచినవారినీ తీసినవారినీ పోల్చిన పరీక్షల్లో రుజువు కాలేదు.

కొబ్బరితోట: నాది ల్యాప్రోస్కోపీ. ఒక్క చుక్క పడలేదు. మలబద్ధకం మాత్రం రానివ్వలేదు, ముక్కితే కింది కండరాలు సాగుతాయి.

ఎర్రనేల: మీకందరికీ కనీసం కారణముంది. నాకు తెల్లబట్ట అవుతోందని 29వ ఏటే తీసేశారు, అండాశయాలతో సహా. ‘పిల్లలు పుట్టారు కదా, ఇక సంచి ఎందుకు’ అన్నారు. ఇప్పుడు మంట, పొడిదనం, మరుగుదొడ్డికి చేరేలోపే మూత్రం పడిపోవడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా కనిపించినవి మన రెండు రాష్ట్రాల్లోనే. అనవసరంగా తీయకుండా మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నాకప్పటికే తీసేశారు.

చందమామ: ఎర్రనేలా, చదువుతుంటే ఏడుపొచ్చింది తల్లీ.

మల్లెతీగ: ఫిజియో గారూ, బిందె ఎత్తవచ్చా? మా వీధిలో నీళ్లు మోయక తప్పదు.

ఫిజియో19: ఏడు నెలలైంది కాబట్టి ఎత్తవచ్చు. సగం నింపండి, ఊపిరి వదులుతూ, కండరం బిగించి లేపండి. ఎర్రనేల గారూ, మీకిప్పుడెంత వయసు? అండాశయాలు అంత చిన్న వయసులోనే తీశారు కదా, ఎముకలు ఎంత గట్టిగా ఉన్నాయో చూసే సాంద్రత పరీక్ష చేయించుకున్నారా?

ఎర్రనేల: 34. అలాంటి పరీక్ష ఉందని ఇప్పుడే వింటున్నాను.