నాన్న అప్పులు: పంపకాలకు ముందు పేపర్లో నోటీసు వేయించాలా, వద్దా?

తెనాలి పెద్దోడు:
నాన్న ఈ మధ్యే పోయారు. పెద్దకర్మ అయింది, ఇప్పుడు పంపకాల మాట నడుస్తోంది. వీలునామా లేదు. అమ్మ, నేను, తమ్ముడు, చెల్లి. ఇల్లు, కొంచెం పొలం, బ్యాంకులో ఎఫ్‌డీ, అన్నీ ఆయన స్వార్జితమే. నాన్నది ఎరువుల కొట్టు. ఇచ్చిందైనా తెచ్చిందైనా సగం నోటిమాట మీదే నడిచింది. మాకు మిగిలింది ఆయన జేబు డైరీ. అందులో "సు. గారు 2", "బు. 60 నోటు", "కొత్తపేట 1.5 వడ్డీ ఇచ్చా" అని ఉంటాయి. 2 అంటే రెండు లక్షలో రెండు వేలో తెలీదు. నాన్న తెచ్చిందో ఇచ్చిందో అసలే తెలీదు.

నేననేది, దస్తావేజు రిజిస్టర్ చేయించుకునే ముందు పేపర్లో జిల్లా ఎడిషన్‌లో ఒక ప్రకటన వేయిద్దామని. "మా నాన్నగారి నుంచి బాకీ రావాల్సినవాళ్ళు ఫలానా తేదీలోగా ఆధారాలతో రండి" అని. తమ్ముడు ససేమిరా అంటున్నాడు. "ఊళ్ళో దొంగ నోట్లన్నీ మన గుమ్మంలోకి పిలుచుకుంటావా? వచ్చి అడిగినవాడికి అప్పుడు చూద్దాం" అంటాడు. మీలో ఎవరైనా ఇలా చేశారా?

పొలం గట్టు:
తమ్ముడి మాట వినండి. పల్లెటూళ్ళో అప్పు తీసుకునేటప్పుడు ఖాళీ ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టి ఇచ్చేస్తారు. అంకె, తేదీ తర్వాత ఇచ్చినవాడి చేత్తోనే పడతాయి. అప్పు తీరాక ఆ కాగితం వెనక్కి అడిగి చింపేవాళ్ళు ఎంతమంది? అలాంటివి ఇనప్పెట్టెల్లో పడుంటాయి. పోయినాయన వచ్చి "ఇది నేను తీర్చేశా" అని చెప్పలేడు. ఇప్పుడు మీరు పేపర్లో వేస్తే ఆ పెట్టెలన్నీ తెరుచుకుంటాయి. పరువు సంగతి చెప్పనే అక్కర్లేదు. చెల్లెలి అత్తగారింట్లో ఆ పేపరే చదువుతారు.

సివిల్ కోర్టు మెట్లు:
వృత్తిరీత్యా వకీలుని. ఇద్దరూ ఆ ప్రకటనకు లేని బలం ఉందనుకుంటున్నారు, అది ముందు సరిచేస్తాను.

1925 నాటి భారత వారసత్వ చట్టంలో 360వ సెక్షన్ ఉంది. వీలునామా అమలు చేసే ఎగ్జిక్యూటరు గానీ, కోర్టు నియమించిన అడ్మినిస్ట్రేటరు గానీ అప్పులవాళ్ళకు పద్ధతి ప్రకారం నోటీసు ఇచ్చి, గడువు దాటాక, తనకు తెలిసిన బాకీలు చూసుకుని ఆస్తి పంచేస్తే, అప్పటికి తనకు తెలియని అప్పుకు తాను జవాబుదారీ కాడు. రక్షణ అంతవరకే. అది ఆ పంచిన మనిషికి. ఆస్తి తీసుకున్నవాళ్ళకు కాదు. అప్పిచ్చినవాడు వాళ్ళ చేతిలో ఉన్న ఆస్తి వెంట పడొచ్చని అదే సెక్షన్ చెబుతుంది.

మీ ఇంట్లో ఎగ్జిక్యూటరూ లేడు, అడ్మినిస్ట్రేటరూ లేడు. మన ఆంధ్రాలో నూటికి తొంభై ఇళ్ళలో ఉండరనే నా అనుభవం. నలుగురు కూర్చుని పంచుకుంటారు. కాబట్టి పేపర్లో వేసినంత మాత్రాన ఏ అప్పూ చచ్చిపోదు, మీకు ఏ కవచమూ రాదు. వేయకపోతే నేరమూ కాదు.

పొలం గట్టు:
అయితే మనవాడికి ఆ డబ్బు దండగ. తేలిపోయింది కదా.

సివిల్ కోర్టు మెట్లు:
తేలలేదు. తండ్రి అప్పుకు వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు, సొంత జీతం మీదకు రాదు. ఇది అందరికీ తెలిసిన ముక్క. సివిల్ ప్రొసీజర్ కోడ్ 52వ సెక్షన్ రెండో భాగం మాత్రం ఎవరూ చదవరు. వచ్చిన ఆస్తిని సక్రమంగా వాడానని కోర్టుకు లెక్క చూపించలేకపోతే, ఆ మేరకు డిక్రీ మీ సొంత ఆస్తి మీద అమలవుతుంది. "అమ్మేశాం, పంచుకున్నాం, ఖర్చయిపోయింది" అనేది లెక్క కాదు. "ఫలానా ఫలానా నిజమైన బాకీలు తీర్చాం, ఇవిగో రసీదులు" అంటే లెక్క. అప్పులు ముందు తేల్చుకోవాలనడం అందుకే.

ఇంకో సంగతి. పొలం నీ వాటాకు వచ్చిందనుకో, ఎఫ్‌డీ తమ్ముడి వాటాకు. వాడు అది తీసి హైదరాబాద్‌లో ఫ్లాటు అడ్వాన్సు కట్టేశాడు. తర్వాత దావా పడితే అందరూ ప్రతివాదులే. కానీ జప్తు దేని మీద వస్తుంది? కళ్ళెదురుగా కనిపించే పొలం మీద. ఊళ్ళో ఉన్నవాడే ముందు దొరుకుతాడు.

కరీంనగర్ బిడ్డ:
అందరు వారసుల దిక్కు నుంచే మాట్లాడుతున్నరు. అప్పిచ్చినోళ్ళ దిక్కు నుంచి గూడ ఒక మాట ఇనుండ్రి. మా అమ్మ బీడీలు చేసి కూడబెట్టిన పైసలు మేం కిరాయికున్న ఇంటాయనకు చేబదులు ఇచ్చింది. నోటు లేదు, సాక్షి లేడు. నెలనెలా కిరాయిల పట్టుకుందామని మాట. ఆయన పోయిండు. కొడుకులు ఇల్లు అమ్ముకుని పంచుకున్నరు. మేం ఖాళీ చేసేటప్పుడు అమ్మ అడిగితే "మాకు తెల్వది, నాయిన ఎన్నడు చెప్పలే" అన్నరు. వాళ్ళు అబద్ధం చెప్పలే, నిజంగనే తెల్వకపోవచ్చు. అడిగితే గదా తెలిసేది? పంచుకునే ముందు ఒక్కసారి ఆ వాడల "మా నాయిన ఎవరికన్న ఇయ్యాల్నా" అని అడిగితే సరిపోయేది.

దొంగ నోట్లు అంటున్నరు. దొంగ నోటు ఉన్నోడు పేపర్ల ప్రకటన కోసం ఆగుతడా? వాడు వకీలును పట్టుకుని వస్తడు. నోటీసు అక్కరున్నది నోటు లేనోళ్ళకు.

ఆడపడుచు వాటా:
నాదొక ప్రశ్న. మా ఇంట్లో పొలం పంచేటప్పుడు "నీకు పెళ్ళప్పుడే పెట్టాం" అన్నారు. తర్వాత నాన్న అప్పు బయటపడగానే "నువ్వూ కూతురివే, నీ వంతు నువ్వు ఇవ్వాలి" అన్నారు! వాటా తీసుకోని కూతురు అప్పు కట్టాలా? తండ్రి రుణం తీర్చడం కొడుకు ధర్మం అని పెద్దవాళ్ళు అనేవారు కదా, అది ఇప్పుడు ఏమైంది?

సివిల్ కోర్టు మెట్లు:
అమ్మా, ఆస్తి చేతికి రాకపోతే అప్పూ రాదు. కోర్టులో మీ పేరు ప్రతివాదిగా పడొచ్చు, కానీ మీ నుంచి వసూలు చేయడానికి ఏమీ ఉండదు. ఒక జాగ్రత్త. హక్కు విడుదల పత్రం రాసేటప్పుడు ప్రతిఫలంగా డబ్బు తీసుకున్నట్టు రాశారేమో చూసుకోండి. ఆ డబ్బు ఆస్తి కింద లెక్కకొస్తుంది.

కొడుకు ధర్మం సంగతి. పాత హిందూ ధర్మశాస్త్రంలో తండ్రి అప్పు తీర్చడం కొడుకుకు పుణ్య బాధ్యత. జూదానికీ తాగుడుకీ చేసిన అవ్యావహారిక రుణాలు తప్ప మిగతావి ఉమ్మడి ఆస్తిలోంచి తీర్చాలి. 2005 సవరణతో హిందూ వారసత్వ చట్టంలో 6(4) సెక్షన్ వచ్చింది. 2005 సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పులకు, కేవలం ఆ పుణ్య బాధ్యత పేరు చెప్పి కొడుకు, మనవడు, మునిమనవడి మీదకు పోవడానికి లేదు. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో హక్కిచ్చిన సవరణే ఇది. మన రాష్ట్రం ఆ హక్కు 1985 నుంచే ఇచ్చిందనుకోండి, పెళ్ళికాని ఆడపిల్లల వరకు. ఇక్కడ ఆస్తి స్వార్జితం కాబట్టి ఈ గొడవే లేదు. తండ్రి ఆస్తి ఎవరి చేతిలో ఉంటే అప్పు అక్కడికి వస్తుంది, ఆడా మగా తేడా లేదు.

టాంపా బాబాయ్:
మా ఫ్లోరిడాలో ఇది చర్చ కూడా కాదు. కోర్టు నియమించిన ప్రతినిధి వరసగా రెండు వారాలు పేపర్లో వేయాలి. మొదటి ప్రకటన నుంచి మూడు నెలల్లో అప్పులవాళ్ళు కోర్టులో క్లెయిము వేసుకోవాలి. ఎవరో తెలిసిన అప్పులవాళ్ళకు మాత్రం విడిగా నోటీసు పంపాలి, పేపరు చాలదు. నోటీసు ఇచ్చినా ఇవ్వకపోయినా మనిషి పోయిన రెండేళ్ళకు తలుపు మూసేస్తారు. ఒక ఆసుపత్రి బిల్లు కేసులో 1988లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఆ విడి నోటీసు మాటే. కాస్త వాకబు చేస్తే తెలిసే అప్పులవాణ్ణి పేపర్లో చిన్న అక్షరాలు చూసుకోలేదని తోసేయడం కుదరదని. ఇండియాలో కూడా ఇలాగే పెడితే పోలా?

పొలం గట్టు:
బాబాయ్, అక్కడ కోర్టు గడప తొక్కితేనే ఆస్తి కదులుతుంది. ఇక్కడ ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళ్తే పాసుపుస్తకం మారిపోతుంది. మీ మందు మా రోగానికి పనిచేయదు.

తెనాలి పెద్దోడు:
అందరికీ థాంక్స్. తమ్ముడికి ఇదంతా చదివి వినిపించా. వాడిప్పుడు ఇంకో మాట పట్టుకున్నాడు. "ప్రోనోటుకు మూడేళ్ళే గడువు. ఏడాది నోరు మూసుకుని కూర్చుంటే సగం నోట్లు వాటంతటవే పోతాయి. నోటీసు ఇచ్చావంటే వాటికి మళ్ళీ ప్రాణం పోసినట్టే" అంటాడు. ఇందులో నిజం ఉందా?

సివిల్ కోర్టు మెట్లు:
సగం ఉంది. అడిగినప్పుడు ఇస్తాననే మామూలు ప్రోనోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్ళు. మనిషి పోయినంత మాత్రాన ఆ లెక్క ఆగదు. కానీ నోటు తిప్పి వెనక వైపు చూడాలి. నాన్నగారు మధ్యలో వడ్డీ కట్టి, జమ రాసి సంతకం పెట్టి ఉంటే అక్కడి నుంచి మళ్ళీ మూడేళ్ళు. "కొత్తపేట వడ్డీ ఇచ్చా" అని డైరీలో ఉంది చూశారా, దాని వెనక అలాంటి జమ ఉండే ఉంటుంది.

"బాకీలుంటే ఆధారాలు చూపండి" అని పేపర్లో వేస్తే అప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఏ అప్పూ, ఏ మనిషీ అందులో లేడు కదా. ప్రాణం పోసేది వేరే. ఎవరో ఇంటికొచ్చి "మీ నాన్న మంచోడు బాబూ, ప్రస్తుతానికి పది వేలు ఇవ్వండి" అంటే, మీరు మొహమాటానికి ఇచ్చి నోటు వెనక జమ రాసి సంతకం పెడతారు చూడండి, అది. గడువు ఇంకా ఉంటే మీ మటుకు మీకు గడియారం మళ్ళీ మొదలైనట్టే.

నేనైతే పేపరు కంటే ముందు ఉత్తరాలు రాయమంటాను. డైరీలో పోల్చుకోగలిగిన ప్రతి మనిషికీ, ఎరువుల కంపెనీ డీలరుకూ, సొసైటీకీ, బ్యాంకుకూ స్పీడ్ పోస్టులో. "ఈ ఉత్తరం ఏ అప్పునూ ఒప్పుకోవడం కాదు, మీ దగ్గరున్న కాగితాల నకళ్ళు ఫలానా తేదీలోగా పంపండి, పరిశీలిస్తాం" అని. కొట్టులో గుమాస్తా ఎవరైనా ఉండి, చివరి నెలల జీతం బాకీ ఉంటే అది ముందు ఇచ్చేయండి. నేను ముందు చెప్పిన 1925 చట్టం కూడా అంత్యక్రియల ఖర్చు, కోర్టు ఖర్చు తర్వాత, పోయే ముందు మూడు నెలల్లో చేసిన పనికి కూలీ జీతాలనే పెడుతుంది. మిగతా అప్పులన్నీ ఆ తర్వాతే. దొంగ నోటు భయానికి నాన్నగారి పాత చెక్కులు, బ్యాంకు సంతకాలు ఇప్పుడే పోగేసి పెట్టుకోండి. సంతకం ఆయనదే అని రుజువు చేయాల్సింది నోటు తెచ్చినవాడు. రుజువైతే మాత్రం డబ్బు ముట్టిందనే కోర్టు అనుకుంటుంది, అందుకని సంతకం దగ్గరే పట్టుకోవాలి. పంపకం దస్తావేజులో "ఇకముందు బయటపడే అప్పు నలుగురూ వాటాల ప్రకారం భరించాలి" అనే వాక్యం లేకుండా సంతకాలు పెట్టొద్దు.

పొలం గట్టు:
ఉత్తరాలకు నేనూ ఒప్పుకుంటా. పేపరు మాత్రం వద్దు.

కరీంనగర్ బిడ్డ:
డైరీల పేరు లేనోళ్ళ సంగతేందన్నా? మా అమ్మ పేరు ఏ డైరీలనూ లేకుండే.

పొలం గట్టు:
వాళ్ళ కోసం కొట్టు తలుపుకు ఒక కాగితం అంటించండి. ఎరువులు కొనేవాళ్ళకు, చేబదులు ఇచ్చినవాళ్ళకు కనపడేది అదే. జిల్లా ఎడిషన్ చూసి వచ్చేది దళారులు.

కరీంనగర్ బిడ్డ:
గది ఒప్పుకుంటా. కాయితం మాత్రం పెద్దక్షరాలల్ల రాయుండ్రి.

తెనాలి పెద్దోడు:
అమ్మను డైరీ ముందు కూర్చోబెట్టాను. "సు. గారు 2" నాన్న తెచ్చింది కాదట, ఇచ్చింది. రెండు లక్షలు, కౌలు రైతుకు పోయినేడు పెట్టుబడికి. "బు. 60" కూడా మనకు రావాల్సిందే అంటోంది. ఈ మాట వినగానే తమ్ముడు మారిపోయాడు. "అయితే పేపర్లో వేయిద్దాం, నాన్నకు బాకీ ఉన్నవాళ్ళంతా వచ్చి కట్టమని" అంటున్నాడు!

సివిల్ కోర్టు మెట్లు:
మీ తమ్ముడికి చెప్పండి, రావాల్సిన బాకీకి పేపరు అసలే పనిచేయదు. వాళ్ళంతట వాళ్ళు ఇస్తే రసీదిచ్చి తీసుకోండి. ఇవ్వకపోతే దావా వేయొచ్చు గానీ వారసత్వ సర్టిఫికెట్ (సక్సెషన్ సర్టిఫికెట్) లేకుండా కోర్టు డిక్రీ ఇవ్వదు, అదే 1925 చట్టంలో 214వ సెక్షన్. ఆ సర్టిఫికెట్ కోసం సివిల్ కోర్టులో పిటిషన్ వేసి రావాల్సిన బాకీలన్నీ జాబితాగా రాయాలి, కోర్టు ఫీజు కట్టాలి. వసూలైన డబ్బు కూడా నాన్నగారి ఆస్తే, అప్పులవాళ్ళు దాని మీదకూ రావచ్చు.

పొలం గట్టు:
కౌలు రైతు మీద దావా మాత్రం వేయకండయ్యా. పంట అమ్ముకున్నాక తనే తెచ్చిస్తాడు.