ఒంటరి బైక్ టూర్‌లో టెంట్: జనం కంటపడేలా వేయాలా, పడకుండానా?

సెకండ్‌గేర్
సంక్రాంతి అయ్యాక రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు మీదుగా అరకు దాకా ఒక్కడినే పోదామని ఉంది. సాడిల్ బ్యాగు మీద ఒక మనిషి పట్టే చిన్న టెంటు. లాడ్జిల లిస్టులు వద్దు బాబోయ్, అవి ఉన్నాయి. నా డౌటు ఒకటే. ఒక దోస్తు "ఎవడికీ కనబడకుంటే ఏ లొల్లీ ఉండదు" అంటడు. ఇంకొకడు "ఊరోళ్ళ కళ్ళ ముందరే పడుకో" అంటడు. ఏది కరెక్టు?

ఘాట్‌రోడ్డు
కళ్ళ ముందే. ఆ దారి ఎలాంటిదో తెలుసుగా. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు అంటే గంజాయి చెకింగులు. పెద్ద బ్యాగులేసుకున్న ఒంటరి బండి, చీకట్లో తోటలో దాక్కున్న మనిషి, పోలీసులకి ఇంకేం కావాలి? తప్పేం చేయకపోయినా తెల్లారేదాకా స్టేషన్ బెంచీ మీదే. ఇక రిజర్వు ఫారెస్టులో పర్మిషన్ లేకుండా గుడారం వేస్తే అది అటవీ చట్టం కింద కేసు. శాంక్చురీ, టైగర్ రిజర్వు అయితే 1972 వన్యప్రాణి చట్టం కూడా తోడవుతుంది. శ్రీశైలం రోడ్డు చూడు, రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మన్ననూరు ఫారెస్టు గేటే తెరవరు. అక్కడ దాక్కోవడం కాదు, నిలబడటమే తప్పు.

ఒంటిటికెట్
అన్నా, అడవిలో వేయమని ఎవరన్నారు? రోడ్డుకి కాస్త లోపల, జీడిమామిడి తోట అంచున. నా లెక్క వేరు. పామూ ఎలుగుబంటీ కాదు, రాత్రి పదకొండుకి మందేసి "ఎవర్రా లోపల" అని టెంటు గుడ్డ మీద కొట్టేవాడే అసలు సమస్య. వాడు వచ్చేది రోడ్డు పక్క నుంచే. అందుకే అన్నం వేరే ఊళ్ళో తినేసి, పొద్దుగుంకాక ముదురు ఆకుపచ్చ టెంటు వేసి, లైటు వెలిగించకుండా పడుకుని, కోడి కూసేసరికి సర్దేస్తా. వచ్చినట్టు ఎవడికీ తెలీదు.

పాడేరుకాఫీ
ఒంటిటికెట్ గారూ, మీకు తెలీదు గానండి మాకు తెలుస్తాది. కొత్త బండి చప్పుడు ఎక్కడ ఆగిందో ఊళ్ళో కుక్కకి కూడా తెలుసు. మా ఏజెన్సీలో ఖాళీ జాగా అంటూ ఏటీ లేదు. మీరు అడవి అనుకున్నది ఎవరిదో కాఫీ తోట, పైన సిల్వర్ ఓకు, దానికి మిరియాల పాదు. సంక్రాంతి నాటికి పండు కోత ఇంకా నడుస్తూ ఉంటాది, కాపలా ఉంటారు. చీకట్లో తోటలో ముక్కూ మొహం తెలీని మనిషి కనబడితే దొంగే అనుకుంటారు. మీరు చెప్పిన ఆ తాగుబోతు గొడవ సంత రోజు నిజమే, జీలుగు కల్లు సీజను కూడాను. కాబట్టి సంత ఏ ఊళ్ళో ఏ రోజో టీ కొట్టులో అడగండి, ఆ రాత్రి ఆ ఊరు వదిలేయండి. మిగతా రోజుల్లో బడి దగ్గర మాస్టారినో, ఊరి పెద్దనో అడిగితే ఎవరూ కాదనరు.

నీలిహెల్మెట్
అందరూ మగవాళ్ళ లెక్కే చెబుతున్నారు. నేను బడి దగ్గర టెంటు వేస్తే "ఒంటరిగా ఆడమనిషి పడుకుంది" అని గంటలో పక్క ఊరికి కూడా చేరుతుంది. కంటపడటం వేరు, చాటింపు వేరు. నేను నేరుగా ఒక ఇంటికి వెళ్తా, ఆడవాళ్ళు వాకిట్లో కూర్చుని ఉన్న ఇంటికి. "అమ్మా, రాత్రికి మీ వాకిట్లో గుడారం వేసుకుంటా" అంటే చాలు. అయితే ఇంట్లో పడుకోక టెంటెందుకు అంటారేమో. చాలా ఇళ్ళల్లో ఉండేది ఒకటే గది. అడిగితే మంచం మనకిచ్చేసి వాళ్ళు చలిలో బయట పడుకుంటారు. టెంటు ఉంటే వాళ్ళకా ఇబ్బంది పెట్టక్కర్లేదు.

ఘాట్‌రోడ్డు
ఇది బాగుంది. దీనికి ఇంకోటి కలుపుతా. మేకులు లేకుండా నిలబడే టెంటు కొనండి. పైన వాన కవరు తీసేసి లోపలి జాలీ గది ఒక్కటే బడి వరండాలో గచ్చు మీద నిలబెట్టవచ్చు. ఉత్త గచ్చు మీద పడుకుంటే కట్లపాము భయం. అది రాత్రిళ్ళు తిరుగుతుంది, కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు, నిద్రలోనే విషం ఎక్కేస్తుంది. జిప్పు అడుగుదాకా లాగి ఉంటే పాము రాదు, దోమా రాదు. ఏజెన్సీ మలేరియా సంగతి వేరే చెప్పాలా? ఇంకోటి, లంబసింగి చలికి స్టవ్వో బొగ్గుల కుంపటో లోపల పెట్టుకునే తెలివి మాత్రం వద్దు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రపోయినవాడు లేవడు.

ఒంటిటికెట్
వరండాలో టెంటు వేసుకునే మాటకి ఇల్లు వదిలి రావడం ఎందుకో నాకర్థం కాదు. పాడేరుకాఫీ గారి మాట ఒప్పుకుంటా, పాడేరు వైపు తోటల్లో వేయను. మైదానంలో మాత్రం నా పద్ధతి మార్చను.

సెకండ్‌గేర్
అయితే ఈ రూటుల అడిగే పండుకుంట. మరి బండి ఎక్కడ పెట్టాలె? టెంటు తాడు హ్యాండిల్‌కి కడితే ఎవడన్నా కదిపినప్పుడు మెలకువ వస్తదని ఒకడు చెప్పిండు.

పాడేరుకాఫీ
అస్సలు కట్టొద్దండి. పొద్దున్నకి మంచుకి నేల నాని సైడ్ స్టాండు దిగబడిపోద్ది, బండి వచ్చి మీ మీదే పడతాది. స్టాండు కింద పలక రాయి పెట్టి, బండి పొడుగంత దూరంలో ఆపి, హ్యాండిల్ లాకేసుకోండి. కావలి అంటారా, ఆ ఇంటి కుక్క ఉంటాది కదా.