అరకులో సొంత హోంస్టేకు గ్రామసభ తీర్మానం అవసరమా?
అరకు లోయకు దగ్గరలోని మా గిరిజన గూడెంలో, కాఫీ గింజలు ఆరబోసే కళ్లం పక్కనున్న మా పెంకుటింట్లో రెండు గదులను పర్యాటకుల హోంస్టేగా మార్చాలని మా కుటుంబం ఆశపడుతోంది. ఈలోగా మైదాన ప్రాంతపు వ్యాపారి ఒకరు, పట్టా మా నాన్నగారి పేరునే ఉంచి, కళ్లం మొత్తాన్ని గుడారాల విడిదికి పదేళ్ల లీజుకు ఇమ్మని ఒత్తిడి చేస్తున్నారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించే 1/70 చట్టంలో లీజు కూడా బదిలీయే కాబట్టి మేము ఒప్పుకోలేదు; ఆ కళ్లం పోతే మా పంటకు చోటే ఉండదు.

మేమే నడుపుకునే హోంస్టేకు పర్యాటక శాఖలో నమోదు సరిపోతుందా, లేక షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పీసా చట్టం ప్రకారం గ్రామసభ తీర్మానం కూడా కావాలా? ముందుగా పంచాయతీని సంప్రదించాలో, పాడేరులోని ఐటీడీఏకు (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు) వెళ్లాలో ఈ దారిలో నడిచినవారు దయచేసి చెప్పగలరు.