ఆదివారం ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష క్లాసుకి పిలకాయలు ఎక్కువైపోయారు, టెస్ట్ పెట్టి తీసుకోవాలా?

లెక్కల టీచర్, ఆత్మకూరు సైడు:
అందరికీ నమస్తే అండి. నేను ఆత్మకూరు దగ్గర ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తా. మూడేళ్ల కిందట ఎనిమిదో తరగతిలో బాగా చదివే ఏడుగురిని పెట్టుకుని ఆదివారం పూట ఎన్‌ఎంఎంఎస్ కి చెప్పడం మొదలుపెట్టా, స్కూలు వరండాలో ఒక బోర్డు, పాత పేపర్ల జిరాక్స్, అంతే. ఆ ఏడు ఇద్దరికి స్కాలర్‌షిప్ వచ్చింది. నెలకి వెయ్యి, ఏడాదికి 12,000, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు, కూలికి పోయే ఇంట్లో అది మాటలు కాదు కదా. ఊళ్లో తెలిసిపోయింది. ఇప్పుడు 54 మంది వస్తుండారు, పక్క రెండు ఊళ్ల నుంచి కూడా, ఏడో తరగతోళ్లు కూడా వచ్చి కూర్చుంటుండారు. చెప్పేది నేనొక్కణ్ణే. మ్యాట్ అని బుర్రకి పనిపెట్టే రీజనింగ్ పేపర్ ఉంటది, అందులో సిరీస్‌లు, అక్షరాల కోడింగ్, అద్దంలో బొమ్మ ఎట్టుంటదో అడిగేవి పక్కన కూర్చుని చెప్తేనే ఎక్కుతాయి. తోటి టీచర్లు టెస్ట్ పెట్టి 20 మందినే ఉంచుకో అంటుండారు, నాకు మనసొప్పట్లా. పోయినేడు స్కాలర్‌షిప్ వచ్చిన పాప జూలైలో మ్యాట్ 90 కి 19 తెచ్చుకుంది, అప్పుడు టెస్ట్ పెట్టుంటే ముందు పోయేది ఆ పిల్లే.

రిటైర్డ్ హెచ్ఎం, కందుకూరు:
టెస్ట్ పెట్టొద్దు మాస్టారూ. వరసగా నాలుగు ఆదివారాలు ఎవరొస్తారో చూడండి, నిజంగా కావాల్సినోళ్లు మిగుల్తారు. మీ దగ్గర పాసై ఇప్పుడు తొమ్మిది, పది చదివే పిల్లల్ని పిలవండి, ఐదుగురికి ఒకరు. మా స్కూల్లో నేనొక రూలు పెట్టా, పెద్దోళ్లు జవాబు చెప్పకూడదు, "నీకెందుకట్టా అనిపించింది" అని మాత్రమే అడగాలి. ఒక పిల్లోడు 2, 6, 12, 20 సిరీస్ దగ్గర పావుగంట కూర్చుని తేడాలు తీసి ఓ ఎగిరి గంతేశాడు, ఇంక మళ్లీ సిరీస్ తప్పు చెయ్యలేదు. ఏడో తరగతోళ్లని విడిగా కూర్చోబెట్టండి, వాళ్లకి ముందు ఏడో తరగతిలో 55 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకి 50, లేకపోతే రాయనివ్వరు.

సైన్స్ టీచర్, కావలి:
పెద్దాయన చెప్పింది సగం ఒప్పుకుంటాను. రాష్ట్రం మొత్తానికి ఇచ్చేది 4,087 స్కాలర్‌షిప్‌లే, అవి మళ్లీ జిల్లాల వారీగా పంచుతారు, అందుకే సెప్టెంబర్ తర్వాత గట్టిగా చదివే పాతిక మందికి మధ్యాహ్నం ఇంకో రెండు గంటలు ఇవ్వాల్సిందే. పొద్దున క్లాసు మాత్రం అందరికీ ఉంచండి. ఇంకోటి, అందరూ మ్యాట్ మీదే పడతారు, శాట్ అనే పాఠాల పేపర్ లో సైన్స్ 35, సోషల్ 35, లెక్కలు 20, సోషల్ మాస్టారిని నెలకి రెండు ఆదివారాలు బతిమాలండి సార్.

బీటెక్ సెకండియర్, నెల్లూరు:
సార్ నాకు ఎనిమిదిలో వచ్చింది, కానీ రెండో ఏడు డబ్బులు పడలా, ప్రతి ఏడు స్కాలర్‌షిప్ పోర్టల్ లో రెన్యువల్ చెయ్యాలని నాకు ఎవరూ చెప్పలా, తెలిసేసరికి డేట్ అయిపోయింది, అమ్మ రొయ్యల గుంటల కాడ పనికి పోయి మళ్లీ ఫీజు కట్టింది. దయచేసి అప్లై చేసేముందే ఆధార్ లో పేరు, స్కూలు రికార్డులో పేరు ఒక్కో అక్షరం సరిచూడండి, పాసైన పిల్లల ఫోన్ నంబర్లు రాసుకుని ప్రతి ఏడు మీరే గుర్తుచెయ్యండి. పదిలో 60 శాతం రావాలని కూడా చెప్పండి, ఎస్సీ ఎస్టీలకి 55.

ఒక అమ్మ, పక్క ఊరు:
సార్ మా పాప మీ క్లాసుకే వస్తది. ఆదివారం పొద్దున బస్సు లేదు, ఆరుగురం కలిసి ఆటో మాట్లాడుకున్నాం. పదిగంటలకి పెడితే బాగుంటది సార్. తీసెయ్యబాకండి సార్.

లెక్కల టీచర్, ఆత్మకూరు సైడు:
అమ్మా ఎవర్నీ తియ్యను, ఈ వారం నుంచి పదింటికే. నిన్న తొమ్మిదో తరగతోళ్లని అడిగా, నలుగురు వస్తామన్నారు, అందులో ఆ 19 తెచ్చుకున్న పాప కూడా ఉంది. రెన్యువల్ సంగతి చెప్పిన తమ్ముడికి థాంక్స్, పాత బ్యాచ్ వాళ్లకి ఇవాళే ఫోన్లు చేస్తుండా, ఒకరిది నిజంగానే పెండింగ్ లో ఉంది. తెలుగు మీడియం పాత పేపర్లు ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి, నా దగ్గరుండేవి పిలకాయలకి కంఠతా వచ్చేశాయి.