నాలుగో ఆదివారానికి ఐదుగురమే మిగిలాం: ఊరి కుర్రాళ్ళతో చెరువు పని నిలబెట్టేది ఎలా?

తూముపక్క:
మాది జనగామ వైపు పల్లె. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఊరి చెరువు నిండా గుర్రపు డెక్క, అదే నీటి మీద తేలే కలుపు మొక్క. వేసవిలో వాట్సాప్ గ్రూపు పెట్టి పిలిస్తే మొదటి ఆదివారం ముప్పై నలుగురు వచ్చారు. పెద్దలూ వచ్చారు, ఇడ్లీలు పెట్టించారు, చీపుళ్ళు పట్టుకుని ఫోటోలు దిగారు. (చెరువు దగ్గర చీపురుతో ఏం పనో ఇప్పటికీ అర్థం కాలేదు.) రెండో వారం పద్దెనిమిది మంది. నాలుగో వారం ఐదుగురం, అందులో ఒకడు మా తమ్ముడు. వాణ్ని పక్క మీద నుంచి నేనే లాక్కొచ్చాను.

తీసిన డెక్కను కట్ట మీద కుప్ప పోశాం. మొన్నటి వానకు అది జారి మళ్ళీ నీళ్ళలోనే పడింది. మేం శుభ్రం చేసిన మేరంతా మళ్ళీ పచ్చగా కప్పేసింది. ఊళ్ళో నవ్వుతున్నారు.

ఇలాంటి పని నిలబెట్టినవాళ్ళు ఉంటే చెప్పండి. సంఘం రిజిస్టరు చేయించాలా? డబ్బు ఎలా? బడి పిల్లలను కలుపుకోవచ్చా? ఉపన్యాసాలు వద్దు, మీ దగ్గర ఏం జరిగిందో చెబితే చాలు.

రేగడిమట్టి:
ముందు డెక్క సంగతి. దానికి తిండి మురుగు. ఊరి కాలువలు చెరువులో కలుస్తున్నంత కాలం మీరు ఎంత తీసినా అది మళ్ళీ వస్తుంది. పరిస్థితులు అనుకూలిస్తే రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు, గింజలు బురదలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. మేం రెండేళ్ళు అదే తప్పు చేశాం.

మూడో ఏడు పద్ధతి మార్చాం. ఎండలు ముదిరి నీరు తగ్గాక దిగాం. వెదురు బొంగులను వరసగా తాడుతో కట్టి నీటి మీద అడ్డంగా తేలేశాం, తీసిన భాగంలోకి మళ్ళీ కొట్టుకురాకుండా. తీసినదాన్ని కట్ట అవతలి వాలులో పోశాం. అందులో తొంభై శాతానికి పైగా నీరే. పచ్చిగా ట్రాక్టరుకెత్తితే నీళ్ళకు కిరాయి కట్టినట్టే. వారం ఎండనిస్తే కొండంత కుప్ప నాలుగు తట్టలకు దిగుతుంది. ఈత రానివాణ్ని మాత్రం మోకాలి లోతు దాటనివ్వకండి. బురదలో సీసా పెంకులు ఉంటాయి, చెప్పులు కాదు, బూట్లు ఉండాలి.

రసీదుపుస్తకం:
తమ్ముడూ, ఊళ్ళో యువత ముందుకు రావడం లేదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. మీ ఊళ్ళో వినాయక మండపం ఉందా లేదా? నేను మా వీధి మండపానికి ఆరేళ్ళు కోశాధికారిని. పంతొమ్మిదేళ్ళవాడు ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేస్తాడు, రసీదు రాస్తాడు, కరెంటు కనెక్షనుకు, పోలీసు అనుమతికి తిరుగుతాడు, తొమ్మిది రాత్రులు వంతులవారీగా కాపలా పడుకుంటాడు, నిమజ్జనం అయ్యాక మైకులో లెక్క చెబుతాడు. పది రూపాయలు తేడా వస్తే వీధంతా నిలదీస్తుంది. వాడికి నాయకత్వ శిక్షణ ఎవరిచ్చారు?

అదే కుర్రాణ్ని మొక్కలు నాటడానికి పిలిస్తే గంటలో జారుకుంటాడు. ఎందుకంటే అక్కడ ఏ మొక్క, ఎక్కడ, డబ్బు ఎంత అన్నీ పెద్దలు ముందే తేల్చేసి ఉంటారు. వాడికి మిగిలేది గుంత తవ్వడం. మండపంలో డబ్బు వాడి చేతిలో ఉంది, మాట పడేదీ వాడే. తేడా అక్కడే ఉంది.

మా దగ్గర మూడేళ్ళ కింద మట్టి విగ్రహం పెట్టాలన్న గొడవ వచ్చింది. పెద్దలు చెబితే ఎవరూ వినలేదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీటిలో కరగదని, రంగుల్లో విషాలు ఉంటాయని అందరికీ తెలుసు. తెలిసీ తెచ్చారు. నిమజ్జనమైన పదిహేను రోజులకు కమిటీ కుర్రాళ్ళే చెరువుకు వెళ్ళి, తామే భుజాన మోసిన విగ్రహం చెయ్యి ఒకటి ఇనుప చువ్వతో సహా ఒడ్డున పడి ఉంటే చూశారు. ఆ చెయ్యిని తెచ్చి మండపం స్థలంలో పెట్టారు. మరుసటి ఏడాది విగ్రహం ఎత్తు ఏడడుగులు తగ్గింది, మట్టిది వచ్చింది. చందాలో మిగిలిన డబ్బుతో చెరువు మెట్లు బాగుచేయించారు. నేను చేసిందల్లా రసీదు పుస్తకం వాళ్ళకు అప్పగించి పక్కకు తప్పుకోవడం.

ఎనిమిదిగంటలబస్సు:
అన్నయ్యలందరికీ ఒక మాట. మీ ముప్పై నలుగురిలో అమ్మాయిలు ఎందరు? మా ఊళ్ళో సమావేశం ఎప్పుడూ రాత్రి ఏడింటికి టీ కొట్టు దగ్గర. అక్కడికి మేం రాలేం, వచ్చినా ఇంట్లో ఊరుకోరు. తర్వాత "ఆడపిల్లలకు ఆసక్తి లేదు" అంటారు. మేం పట్టుబట్టి దాన్ని ఆదివారం ఉదయం బడి వరండాకు మార్పించాం. తొమ్మిది మంది వచ్చాం. హాజరు పట్టీ, ఖర్చుల పద్దు మా దగ్గరే ఉన్నాయి. ఏడాదిన్నరగా ఒక్క వారం ఆగలేదు.

ఒడ్డుగాలి:
మాది శ్రీకాకుళం తీరం, చెరువుల గురించి పెద్దగా తెలియదు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గుడ్ల సంరక్షణలో మూడు సీజన్లు పనిచేశాను. జనవరి నుంచి తల్లి తాబేళ్ళు ఒడ్డుకు వస్తాయి, ఒక్కోటి సుమారు వంద గుడ్లు పెడుతుంది. తెల్లవారక ముందే జాడ పట్టి, కుక్కలకు, నక్కలకు దొరక్కుండా గుడ్లను కంచె వేసిన చోటుకు మార్చాలి. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుందని అక్కడే తెలుసుకున్నాను: వేడి పెరిగితే ఆడవి ఎక్కువవుతాయి. అందుకే ఎండ ముదిరినప్పుడు పైన తాటాకు నీడ వేసేవాళ్ళం. వాతావరణ మార్పు అంటే ఏమిటో నాకు పుస్తకం చెప్పలేదు, చేత్తో ముట్టుకున్న ఇసుక చెప్పింది.

అసలు చెప్పాలనుకున్నది వేరే. మాకు ఆ నెలలకు కూలి ఇచ్చారు. అందువల్లే నిలబడ్డాం. వేటకు వెళ్తే వచ్చే డబ్బు వదులుకుని రాత్రంతా ఒడ్డున తిరగమంటే ఎవరూ తిరగరు. సేవ, త్యాగం అనే మాటలు కడుపు నిండినవాళ్ళకు బాగుంటాయి. మీ ఐదుగురిలో కూలికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ ఆదివారానికి లెక్క కట్టండి.

ఇద్దరుపిల్లలతండ్రి:
నా మాట ఎవరికీ నచ్చదేమో. డెక్క తీయడం వరకు సరే, రేపు శిఖం భూమి (చెరువు గర్భంలోని భూమి) ఆక్రమణ దగ్గరికి వస్తారు. అప్పుడు ఎదురుగా నిలబడేది మీ ఊరి పలుకుబడి గలవాళ్ళే. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులు నిలబడితే ఏం జరిగిందో చూశాం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది, నిజమే. కానీ ఈలోగా పిల్లలు కేసుల్లో ఇరుక్కున్నారు. మా అబ్బాయి ఇంటర్. వాణ్ని పంపమంటే భయం వేయదా?

పాతనకలు:
అన్నగారూ, మీ భయం న్యాయమైనదే. నేను పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి విరమించాను. ఆక్రమణదారుడి ఇంటి ముందుకు పిల్లలను ఎప్పుడూ పంపకూడదు, కాగితాన్ని పంపాలి. సమాచార హక్కు కింద చెరువు పూర్తి నీటిమట్టం హద్దులు, గ్రామ నక్షా (పటం) అడగండి. మన దగ్గర గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తు పెద్దవాళ్ళు, వీలైతే ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా పెట్టండి. వచ్చిన నకలును గ్రామసభలో చదవండి.

తూముపక్క, మీకు: తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. పంచాయతీ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. "మా దగ్గర డబ్బు లేదు" అంటే ఆ పది శాతం ఎక్కడ పెట్టారో లెక్క అడగండి. గట్టిగా అరవక్కర్లేదు. నా అనుభవంలో అరిచినవాణ్ని సముదాయించి పంపేవాళ్ళం, పద్దు తెచ్చినవాడికి మాత్రం జవాబు వెతుక్కోవాల్సి వచ్చేది. ఇంకొకటి, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ, ఊరి మొక్కలు, జీవాల వివరాలు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. చాలా ఊళ్ళలో ఆ కమిటీ ఉందన్న సంగతి అందులోని సభ్యులకే తెలియదు. ఆ రిజిస్టరును మీరు రాస్తామనండి, ఎవరూ వద్దనరు.

సంఘం రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు చాలు. ఇప్పుడే తొందర వద్దు. ముందు ఏడాది పద్దు రాయండి.

బడిగంట:
ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. గ్రామసభ సభ్యులంటే ఓటరు జాబితాలో ఉన్నవారే, కాబట్టి మా పిల్లలకు అక్కడ ఓటు లేదు. మాట్లాడడానికి అడ్డేమీ లేదు, కానీ మాట ఎవరు వింటారు?

మా ఎనిమిదో తరగతి పిల్లలు తూము రాతి మీద జానెడు జానెడు దూరంలో ఎర్ర రంగు గీతలు గీశారు. ప్రతి సోమవారం ఇద్దరు వెళ్ళి నీరు ఏ గీత దగ్గర ఉందో, ఏ పక్షులు కనిపించాయో రాస్తారు. మొదటి పేజీల్లో "నీళ్ళు ఉన్నాయి, కొంగలు ఉన్నాయి" అని ఉండేది. రెండో ఏడాదికి "నీరు నాలుగో గీతకు వేలెడు కింద, నత్తగుల్ల కొంగలు పదకొండు, ఒకటి కుంటుతోంది" దాకా వచ్చింది. అలుగు పారుతున్నప్పుడు మాత్రం వెళ్ళనివ్వను.

ఒకసారి గ్రామసభలో చెరువు నిండా నీరుందని ఒకాయన అంటుంటే, తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి ఆ నోటుబుక్కు చదివింది. ఒకే వానకు నిండి, తూము తలుపు కారుతున్నందువల్ల ఆరు వారాల్లో మూడు గీతలు దిగిపోయిందని తేదీలతో చెప్పింది. సభ నిశ్శబ్దమైపోయిందని చెప్పను, ఇద్దరు పెద్దలు నవ్వారు కూడా. కానీ తూముకు కొత్త రబ్బరు పట్టీ వేయడానికి తీర్మానం రాశారు. వేయడానికి మరో అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ పిల్లలు గీతలు రాస్తూనే ఉన్నారు.

తూముపక్క:
అందరికీ ధన్యవాదాలు. పది రోజుల తర్వాత వస్తున్నాను, పరీక్షలు. మురుగు ఎక్కడ కలుస్తోందో చూద్దామని నిన్న వెళ్ళాం. మూడు చోట్ల కలుస్తోంది, ఒకటి మా ఇంటి కాలువే. మండపం కమిటీ వాళ్ళతో మాట్లాడాం, సగం వాడిన రసీదు పుస్తకం ఒకటి ఇస్తామన్నారు, లెక్క మాత్రం వేరుగా పెట్టుకోమన్నారు. ఎనిమిదిగంటలబస్సు అక్కా, సమావేశం ఉదయానికి మార్చాం, నలుగురు అమ్మాయిలు వచ్చారు. తమ్ముడికి గీతలు గీసే పని ఇచ్చాం. ఈసారి నేను లేపలేదు.

రేగడిమట్టి గారూ, ఆ బొంగులు ఎన్ని పడతాయి? మా చెరువు పదిహేను ఎకరాలు.

రేగడిమట్టి:
మొత్తానికి అడ్డం కట్టకండి, చేతగాదు. మురుగు కలిసే మూల ఒక్కటి పట్టుకోండి. ఇరవై బొంగులు, కొబ్బరి తాడు వద్దు, నైలాను. కొత్తవి కొనకుండా మీ మండపం పందిరి బొంగులు అడగండి, పండగ దాకా ఖాళీగానే పడి ఉంటాయి.